రాళ్ల దారుల బండికి బలమైన వెనుక యాక్సిల్: ఎంపిక నుంచి బిగింపు దాకా సమగ్ర మార్గదర్శి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను కొండదారుల్లో, వాగుల్లో నడిపేవారికి వెనుక యాక్సిల్ (వెనుక చక్రాలను తిప్పే ఇరుసు) విరగడం కొత్త సంగతి కాదు. పెద్ద టైర్లు వేయించి, డిఫరెన్షియల్ లాక్ (యాక్సిల్ నడుమ రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్‌ను బిగించి, రెండింటినీ ఒకే వేగంతో తిప్పే లాకర్) పెట్టించి, బండిని ఎత్తు చేయించిన తరువాత, కంపెనీ వేరే లెక్కతో తయారుచేసిన యాక్సిల్ ఒక రోజు చేతులెత్తేస్తుంది. అప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న, అన్నింటికన్నా బలమైన యాక్సిల్ ఏది అని. ఆ ప్రశ్నతో మొదలుపెట్టినవారు ఎక్కువగా డబ్బు పోగొట్టుకుంటారు. ఎంత బలమైన యాక్సిల్ వేసినా ఇంజనుకూ టైరుకూ నడుమ ఏదో ఒక భాగం మిగతావాటికన్నా బలహీనంగానే మిగులుతుంది. ఆ భాగం ఏదో ముందే నిర్ణయించుకుని, అది చేతి సామానుతో దారిలోనే మార్చుకోగలిగినదై ఉండేలా యాక్సిల్‌ను ఎంచుకోవాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాదుకో బెంగళూరుకో మనిషిని పంపి సామాను తెప్పించుకోవలసిన ప్రాంతంలో ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.

మొదటి మెట్టు: బండి రోడ్డు మీద తిరిగేదా, కాదా

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కాబట్టి రోజూ రోడ్డు మీద తిరిగే బండికి ఉన్న హౌసింగ్‌లోనే (యాక్సిల్ బయటి ఇనుప గుల్లలోనే) మంచి షాఫ్టులు (లోపల తిరుగుతూ చక్రాన్ని తిప్పే కడ్డీలు) వేయించుకోవడం వరకు ఆగడం మేలు, అదీ రవాణా కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ ముందుగా అడిగిన తరువాతే. యాక్సిల్ మొత్తం మార్చే పని, పోటీలకో సొంత పొలానికో ట్రైలర్ మీద తీసుకుపోయే బండికి తగినది. నల్లమల, లంకమల వంటి రక్షిత అడవుల్లో ఏ యాక్సిల్ ఉన్న బండికైనా అనుమతి లేకుండా ప్రవేశం లేదన్న మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

రెండవ మెట్టు: విరిగినదాన్ని చదవడం

షాఫ్టు విరిగితే మెకానిక్ ఆ ముక్కలను పాత ఇనుములో పడేస్తాడు. పడేయనివ్వకూడదు. కొత్త యాక్సిల్ ఎంతటిది కావాలో చెప్పే సాక్ష్యం ఆ ముక్కల్లోనే ఉంటుంది. ముక్కను డీజిల్‌తో కడిగి, ఎండలో పెట్టి, విరిగిన ముఖాన్ని నిదానంగా చూడాలి.

విరిగిన ముఖం షాఫ్టుకు అడ్డంగా, రంపంతో కోసినంత చదునుగా ఉండి, దగ్గరలోని స్ప్లైన్లు (షాఫ్టు చివర నిలువునా కోసిన గాడి పళ్లు) నిటారుగా కాక మెలితిరిగి కనిపిస్తే, ఆ షాఫ్టు తన శక్తికి మించిన టార్క్‌కు (మెలితిప్పే బలానికి) లొంగి తెగిందని అర్థం. అది ఒక్కరోజులో జరిగినది కాకపోవచ్చు. ప్రతి ఎక్కుడులో కొంచెం కొంచెం మెలిపడుతూ వచ్చి, చివరి దెబ్బకు తెగి ఉంటుంది. ఇటువంటి బండికి వ్యాసం ఎక్కువున్న షాఫ్టు గాని, అదే వ్యాసంలో మెరుగైన ఉక్కు గాని కావాలి. ముఖం ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో చుట్టుకుంటూ పోయి ఉంటే, షాఫ్టు గట్టిదే గాని పెళుసుగా ఉండి, ఒక్కసారిగా పడిన దెబ్బకు పగిలింది. వానాకాలంలో ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడిలో దిగబడినవారికి ఈ దెబ్బ ఎలా పడుతుందో తెలిసే ఉంటుంది. బురదలో చక్రం గిరగిరా తిరుగుతూ ఉంటుంది, తోలేవాడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయడు, టైరు అడుగునున్న గట్టినేలను అందుకున్న క్షణంలో తిరుగుతున్న వేగమంతా షాఫ్టు మీద పడుతుంది.

మూడవ రకం గుర్తులు బేరింగ్ దగ్గర కనిపిస్తాయి. ముఖం మీద ఒక అంచు నుంచి మొదలై, చెరువు ఎండుతున్నప్పుడు గట్టున మిగిలే నీటిగీతల్లా ఒకదాని వెనుక ఒకటిగా వంపుగీతలు ఉంటాయి. చివర్న కొంచెం భాగం మాత్రం కొత్తగా, గరుకుగా తెగి ఉంటుంది. ఇది టార్క్ వల్ల వచ్చిన నష్టం కాదు. బండి బరువుకు షాఫ్టు వంగుతూ, తిరుగుతూ, నెలల తరబడి అలసిపోయి తెగిన తీరు. బయటికి బాగా పొడుచుకొచ్చే రిమ్ములు, స్పేసర్లు వేసిన బండ్లలో ఇది ఎక్కువ. దీనికి మందు షాఫ్టు మందం పెంచడం కన్నా, ఆ వంపు భారం షాఫ్టు మీద పడకుండా చేసే ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

షాఫ్టులు బాగానే ఉండి క్రౌన్ వీల్ (యాక్సిల్ నడుమ ఉండే పెద్ద పళ్ల చక్రం) పళ్లు మొదలంటా విరిగితే దెబ్బ పడినట్టు, పళ్ల ముఖాల మీద చిన్నచిన్న గుంటలు పడి పెచ్చులూడితే నూనె చాలకనో బిగింపు తప్పో అరిగినట్టు. ఎన్నిసార్లు మార్చినా ఒకే వైపు ఆయిల్ సీల్ కారుతూ, ఆ వైపు టైరు లోపలి అంచు అరుగుతూ ఉంటే హౌసింగ్ గొట్టం వంగిందేమో చూడాలి. ఈ గుర్తులను కాగితం మీద రాసి పెట్టుకున్న తరువాతే అంగడి గడప తొక్కాలి.

మూడవ మెట్టు: భారాన్ని లెక్కగట్టడం

యాక్సిల్ బలాన్ని ఇంజను శక్తితో పోల్చి చూడడం అందరికీ అలవాటు. నిజానికి లెక్క టైరు దగ్గర మొదలవ్వాలి. మహీంద్రా థార్ డీజిల్ ఇంజను టార్క్ 300 న్యూటన్ మీటర్లు. లెక్క సులువు కోసం మొదటి గేరు నిష్పత్తి 4, లో రేంజ్ (నిదానంగా, ఎక్కువ బలంతో లాగించే అదనపు గేరు) 2.5, యాక్సిల్ నిష్పత్తి 4 అనుకుంటే, చక్రాల దగ్గరికి 12,000 న్యూటన్ మీటర్లు రావాలి. అంత టార్క్ వెనుక షాఫ్టుల మీదికి నిలకడగా ఎన్నడూ రాదు, ఎందుకంటే అంతకు ఎంతో ముందే టైరు పట్టు తప్పి జారుతుంది. షాఫ్టు మోయవలసిన భారానికి హద్దు గీసేది టైరు పట్టు, టైరు ఎత్తు, దాని మీద పడే బరువు.

సామానుతో కలిపి 1,800 కిలోలున్న బండి నిటారు బండ ఎక్కుతోందనుకుందాం. అందులో 70 శాతం బరువు వెనుకకు ఒరిగితే 1,260 కిలోలు, అంటే సుమారు 12,360 న్యూటన్లు. ఎండిన బండ మీద రాపిడి గుణకం 0.8 గానూ, 31 అంగుళాల టైరు బరువుకు అణిగిన తరువాత దాని వ్యాసార్ధం 0.38 మీటర్లు గానూ తీసుకుంటే, ఈ మూడింటినీ గుణించగా సుమారు 3,760 న్యూటన్ మీటర్లు వస్తుంది. డిఫరెన్షియల్ లాక్ లేని బండిలో ఇది రెండు షాఫ్టులకూ సగం సగం పంచబడుతుంది. ఒక చక్రం గాలిలోకి లేస్తే రెండవదానికి కూడా టార్క్ దాదాపు అందదు. బండి కదలదు గాని యాక్సిల్ బతుకుతుంది. లాక్ పెట్టిన బండిలో ఒక చక్రం గాలిలో ఉంటే మొత్తం 3,760 ఒకే షాఫ్టు మీద పడుతుంది. లాకర్ పెట్టించిన కొత్తలోనే షాఫ్టులు తెగడానికి కారణం ఇదే. టైరును 33 అంగుళాలకు పెంచితే ఆ అంకె 4,000కు చేరుతుంది.

అనంతపురం, పెనుకొండ గుట్టల్లోని గ్రానైటు బండలు, గండికోట పక్కల గట్టి రాతి దారులు టైరుకు మంచి పట్టునిస్తాయి, అందుకే షాఫ్టులకు కీడు చేస్తాయి. పెన్నా, చిత్రావతి ఇసుకలో పట్టు తక్కువ కాబట్టి షాఫ్టుకు అంత ప్రమాదం లేదు. అక్కడ ఎండాకాలం నలభై డిగ్రీల వేడిలో గంటల తరబడి ఇంజను మూలుగుతూ లాగడం వల్ల గేరు నూనె కాగిపోయి, క్రౌన్ పినియన్‌కు (క్రౌన్ వీల్, దాన్ని తిప్పే చిన్న పినియన్ గేరు జతకు) చేటు జరుగుతుంది. నల్లరేగడిలో పైన చెప్పిన దెబ్బ భారం ఉంటుంది, దాన్ని కాగితం మీద కచ్చితంగా లెక్కగట్టలేము. కాబట్టి లెక్కలో వచ్చిన అంకెకు కనీసం ఒకటిన్నర రెట్లు తట్టుకునే షాఫ్టును ఎంచుకోమంటాను. పై ఉదాహరణలో అది సుమారు 5,640 న్యూటన్ మీటర్లు.

నాలుగవ మెట్టు: షాఫ్టు వ్యాసం, ఉక్కు

గుండ్రని షాఫ్టు మెలితిప్పుడును తట్టుకునే శక్తి దాని వ్యాసపు ఘనంతో పెరుగుతుంది. వ్యాసం కొంచెం పెరిగినా బలం బాగా పెరగడానికి ఇదే ఆధారం. జీపు లోకంలో పేరున్న డానా 35 యాక్సిల్‌లో 27 స్ప్లైన్ల షాఫ్టు వ్యాసం సుమారు 1.17 అంగుళాలు, డానా 44 లోని 30 స్ప్లైన్ల షాఫ్టుది సుమారు 1.31 అంగుళాలు. తేడా చూపుకు ఆనదు గాని, ఉక్కు ఒకటే అయితే రెండవది 40 శాతం బలమైనది. 35 స్ప్లైన్ల షాఫ్టు 1.5 అంగుళాలు ఉంటుంది కాబట్టి అది 30 స్ప్లైన్లదానికన్నా మరో 50 శాతం ఎక్కువ మోస్తుంది. స్ప్లైన్ల సంఖ్యను చూసి మోసపోకూడదు, వెర్నియర్‌తో కొలిచిన వ్యాసమే లెక్క.

మన ఉదాహరణలోని 3,760 న్యూటన్ మీటర్లు 33 మిల్లీమీటర్ల షాఫ్టు మీద పడితే దాని ఉపరితలంలో కోత ఒత్తిడి సుమారు 530 మెగాపాస్కళ్లు, 38 మిల్లీమీటర్ల షాఫ్టులో సుమారు 350. గట్టిపరచని మామూలు ఉక్కు ఈ రెండింటిలో దేన్నీ తాళలేదు. పైపొరను ఇండక్షన్ పద్ధతిలో కాల్చి చల్లార్చి గట్టిపరచిన మధ్యస్థ కార్బన్ ఉక్కు గాని, 4340 వంటి నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు గాని కావాలి.

ఈ మాటను ఇంతగా సాగదీయడానికి కారణం లేత్ షెడ్లు. విరిగిన షాఫ్టు ఇస్తే కొలతలో వెంట్రుకవాసి తేడా లేకుండా కొత్తది కోసిచ్చే పనివాళ్లు మన ఊళ్లలో ఉన్నారు, వారి చేతి నైపుణ్యానికి వంక పెట్టనక్కరలేదు. లోపమల్లా ఉక్కు ఎక్కడిదో తెలియకపోవడం, కోసిన తరువాత గట్టిపరచే కొలిమి లేకపోవడం. అటువంటి షాఫ్టు మెరుస్తూ, సరిగ్గా అమరి, మొదటి బండ దగ్గరే తాడులా మెలిపడుతుంది. లేత్‌లో చేయించక తప్పనప్పుడు ఉక్కు రకానికి ధ్రువపత్రం అడగాలి, గట్టిపరచడానికి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న హీట్ ట్రీట్‌మెంట్ కర్మాగారానికి పంపించాలి, తిరిగి వచ్చాక గట్టితనం పరీక్ష అంకె రాయించుకోవాలి. ఇంటి దగ్గర చేయగల చిన్న పరీక్ష ఒకటుంది. కొత్త ఆకురాయిని షాఫ్టు పక్కల ఒక మూల మెల్లగా రాయాలి. సరిగ్గా గట్టిపడిన ఉపరితలం మీద ఆకురాయి జారుతుంది, మెత్తటిదైతే కొరికి పొడి రాలుస్తుంది.

షాఫ్టు ఆకారాన్ని కూడా చూడాలి. మందం మారే చోట మూల పదునుగా కాక గుండ్రంగా తిరిగి ఉండాలి, పదునైన మూలలోనే పగులు పుడుతుంది. నడుమ భాగం స్ప్లైన్ల లోతు వ్యాసం కన్నా కొంచెం సన్నగా ఉన్న షాఫ్టును చూసి బలహీనమైనదని తోసిపుచ్చకూడదు. మెలి ఒక్క స్ప్లైన్ల దగ్గరే కాక షాఫ్టు పొడవునా పంచబడేలా మంచి తయారీదారులు కావాలనే అలా చేస్తారు.

అయిదవ మెట్టు: సెమీ ఫ్లోటింగా, ఫుల్ ఫ్లోటింగా

సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో షాఫ్టు రెండు పనులు చేస్తుంది. చక్రాన్ని తిప్పుతుంది, బండి బరువును కూడా మోస్తుంది. చక్రం నేరుగా షాఫ్టు చివర పళ్లెంలా ఉండే ఫ్లాంజికే బిగించి ఉంటుంది కాబట్టి, బేరింగ్‌కు బయట షాఫ్టు తెగితే చక్రం బండిని వదిలి పోతుంది. కొన్నిటిలో షాఫ్టును డిఫరెన్షియల్ లోపల చిన్న సి ఆకారపు క్లిప్పు ఒక్కటే పట్టి ఉంచుతుంది. అటువంటి యాక్సిల్‌ను రాళ్ల దారి బండికి నేను సిఫారసు చేయను, ఎందుకంటే షాఫ్టు లోపలెక్కడ తెగినా బయటి ముక్క చక్రంతో సహా జారి వచ్చే వీలుంటుంది.

ఫుల్ ఫ్లోటింగ్‌లో హౌసింగ్ చివరి స్పిండిల్ మీద రెండు బేరింగులతో హబ్ కూర్చుంటుంది, బరువంతా దానిదే. షాఫ్టు కేవలం తిప్పుతుంది. దీన్ని చూడడానికి ఎక్కడికో పోనక్కరలేదు. జాతీయ రహదారి పక్కన ఆగిన ఏ లారీ వెనుక చక్రం నడుమైనా బయటికి పొడుచుకొచ్చిన హబ్, దాని మీద వరుసగా బోల్టులున్న గుండ్రని పళ్లెం కనిపిస్తాయి. ఆ బోల్టులు విప్పితే చక్రాన్ని తీయకుండా, జాకీ కూడా పెట్టకుండా షాఫ్టు చేతికి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విల్లిస్ జీపు వెనుక యాక్సిల్ కూడా ఈ రకానిదే. కాబట్టి ఈ ఏర్పాటు మనకు పరాయిది కాదు.

వ్యాసం మొదట్లో చెప్పిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో బలహీన భాగంగా షాఫ్టునే ఉంచవచ్చు. తెగితే పావుగంటలో ముక్కలు తీసి, బండిలో ఉన్న మారుషాఫ్టు తోయవచ్చు, మారుది లేకపోయినా ముందు చక్రాల డ్రైవ్‌తో ఇల్లు చేరవచ్చు. సెమీ ఫ్లోటింగ్‌లో అలా ఉంచకూడదు. అక్కడ షాఫ్టులను మిగతా అన్నింటికన్నా బలంగా చేయించి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ల నుంచి యాక్సిల్‌కు శక్తి తెచ్చే పొడవాటి షాఫ్టు) క్రాస్ జాయింట్‌ను బలహీన భాగంగా విడిచిపెట్టాలి. క్రాస్ ఖరీదు తక్కువ, చిన్న పట్టణంలో కూడా దొరుకుతుంది. అది విరిగినప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊగి బండి అడుగును బాదకుండా ఛాసిస్‌కు ఒక ఇనుప పట్టీ చుట్టు వేయించడం మరువరాదు. ఏ రకం యాక్సిల్‌లోనైనా క్రౌన్ పినియన్, హౌసింగ్ మాత్రం బలహీన భాగాలు కాకూడదు. అవి పోతే బండిని ట్రాక్టరుతో లాగించుకోవడమే గతి.

బరువు, ఖర్చు ఫుల్ ఫ్లోటింగ్‌కు ఎక్కువ. దాదాపు ఒక టన్ను బరువుండే మారుతి జిప్సీకి, 31 అంగుళాలు దాటని టైర్లతో, మంచి సెమీ ఫ్లోటింగ్ చాలు.

ఆరవ మెట్టు: క్రౌన్ పినియన్, నిష్పత్తి

క్రౌన్ వీల్ వ్యాసం యాక్సిల్ స్థాయిని చెప్పే మొదటి కొలత. డానా 35లో అది 7.56 అంగుళాలు, డానా 44లో 8.5, ఫోర్డ్ 8.8లో పేరులో ఉన్నంతే, 1957లో వచ్చిన ఫోర్డ్ 9 అంగుళాలలోనూ అంతే, డానా 60లో 9.75. టైర్లు 33 అంగుళాలు, లాకర్, టన్నున్నర దాటిన బండి అయితే డానా 44 స్థాయిని కనీసంగా తీసుకోవాలి. 35 అంగుళాల టైర్లకు ఫోర్డ్ 9 గాని డానా 60 గాని కావాలి. ఈ పేర్లు చెబుతున్నది కొలతబద్దగా. వాటినే తెప్పించుకోవాలని కాదు.

నిష్పత్తిలో రెండు సంగతులు గమనించాలి. టైరు పెంచితే నిష్పత్తి కూడా అదే పాళ్లలో పెరగాలి. 29 అంగుళాల టైరుకు 4.10 ఉన్న బండికి 33 వేస్తే పాత లాగుడు కోసం 4.67కు దగ్గర నిష్పత్తి కావాలి. కానీ ఒకే వ్యాసపు క్రౌన్ వీల్‌లో నిష్పత్తి పెరిగేకొద్దీ పినియన్ చిన్నదవుతుంది, పళ్లు తగ్గుతాయి, బలం తగ్గుతుంది. అందుకే నిష్పత్తిని అవసరానికి మించి పెంచడం కన్నా లో రేంజ్ మీద ఆధారపడడం మంచిదని నా అభిప్రాయం. రెండవది, ముందు యాక్సిల్ నిష్పత్తి, వెనుక నిష్పత్తి సరిపోవాలి. పళ్లను లెక్కపెట్టి భాగించి చూసుకోవాలి. 41కి 10 పళ్లయితే 4.10, 37కి 9 అయితే 4.11, ఈ పాటి తేడా ఏమీ చేయదు. ముందు 3.73, వెనుక 4.10 అయితే మాత్రం గట్టినేల మీద ఫోర్ వీల్ వేసిన వెంటనే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనుక యాక్సిళ్లకు శక్తిని పంచే గేరు పెట్టె) బిగుసుకుపోతుంది. వెనుకది మార్చాలనుకున్నవారు ముందుదాని క్రౌన్ పినియన్ ఖర్చును కూడా అంచనాలో కలుపుకోవలసిందే.

పెద్ద క్రౌన్ వీల్ అంటే యాక్సిల్ నడుమ పెద్ద గుండు, నేలకు తక్కువ ఎత్తు. స్ప్రింగులు ఎత్తు చేస్తే ఛాసిస్ లేస్తుంది గాని యాక్సిల్ గుండు లేవదు, దాన్ని లేపేది టైరు ఒక్కటే. 31 నుంచి 33కు పోతే దక్కేది ఒక అంగుళం. డానా 60 వంటి గుండు ఆ అంగుళాన్ని తినేసి ఇంకా అడుగుతుంది. 31 అంగుళాల టైర్ల మీద అటువంటి యాక్సిల్ వేస్తే విరగదు గాని ప్రతి రాయినీ దున్నుకుంటూ పోతుంది.

ఏడవ మెట్టు: హౌసింగ్, వెడల్పు, బ్రేకులు

హౌసింగ్‌లు రెండు రకాలు. జీపు డానాల్లో పోత గుండులోకి గొట్టాలు దూర్చి, వెనుక మూత పెడతారు. జిప్సీలోనూ ఫోర్డ్ 9లోనూ క్రౌన్ పినియన్ మొత్తం ఒక ముద్దగా ముందు నుంచి ఊడి వస్తుంది. పని బల్ల మీద తీరిగ్గా కూర్చుని బిగించుకోవచ్చు కాబట్టి, మంచి మెకానిక్ ఒక ఊళ్లో, బండి ఇంకో ఊళ్లో ఉన్నవారికి రెండవ రకం అనువైనది. గొట్టం వ్యాసం, గోడ మందం రెండూ కొలవాలి. గొట్టాన్ని పోత గుండుకు అతికించే వెల్డింగ్ మామూలు వెల్డింగ్ కాదు, ముందుగా గుండును సమంగా వేడిచేసి, తగిన రాడ్డుతో వేసి, నిదానంగా చల్లారనివ్వాలి. హడావిడిగా వేస్తే పోత భాగం పగులుతుంది, గొట్టం వంగుతుంది.

వెడల్పును ఒక ఫ్లాంజి ముఖం నుంచి రెండవ ఫ్లాంజి ముఖం దాకా కొలవాలి. ముందు యాక్సిల్‌తో పెద్ద తేడా ఉండకూడదు. చక్రపు బోల్టుల అమరిక చూసుకోవాలి, జిప్సీకి అయిదు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వలయం. వెనుక డ్రమ్ములు మారితే మాస్టర్ సిలిండర్‌తో పొత్తు చూసుకోవాలి, హ్యాండ్ బ్రేక్ కేబుల్ అందాలి. ఏబీఎస్ ఉన్న బండిలో చక్రపు వేగం చదివే పళ్ల వలయం కొత్త యాక్సిల్‌లో కూడా ఉండాలి, లేకపోతే ఆ వ్యవస్థ మొత్తం నిలిచిపోతుంది. 2020లో వచ్చిన థార్‌లో వెనుక కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు) లేవు, కాయిల్ స్ప్రింగులు, లింకులు ఉన్నాయి కాబట్టి బ్రాకెట్ల పని పాత జీపుకన్నా ఎక్కువ, తప్పుకు చోటు తక్కువ.

ఎనిమిదవ మెట్టు: ఏది కొనాలి, ఎలా పరీక్షించాలి

మూడు దారులున్నాయి. ఉన్న హౌసింగ్‌లో మెరుగైన షాఫ్టులు వేయించడం, అదే కంపెనీ బరువైన బండి యాక్సిల్‌ను సర్దడం, విదేశీ యాక్సిల్‌ను తెప్పించడం. రెండవ మెట్టులో రాసుకున్న గుర్తులు షాఫ్టు మెలిపడడాన్ని మాత్రమే చూపిస్తే మొదటి దారి చాలు, దాన్ని దాటి పోనక్కరలేదు. హౌసింగ్ వంగిన బండికీ, క్రౌన్ పళ్లు విరిగిన బండికీ రెండవ దారి. పికప్పులు, చిన్న లారీల యాక్సిళ్లు మన పాత ఇనుము షెడ్లలో దొరుకుతాయి, వాటి సామాను కూడా దొరుకుతుంది. మూడవ దారి డబ్బున్నవారిది. సుంకం, రవాణా కలిపిన తరువాత కూడా ఒక్క బేరింగ్ కోసం వారాల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు. ఏది కొన్నా ముందుగా బేరింగుల మీద చెక్కిన నంబర్లను, ఆయిల్ సీళ్ల కొలతలను రాసుకుని కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో బేరింగుల దుకాణంలో అడగాలి. నంబరు వినగానే పెట్టె తీసి పెట్టే యాక్సిల్ మంచి యాక్సిల్.

పాత యాక్సిల్ కొనేటప్పుడు నూనె బోల్టు విప్పి, కారిన నూనెను తెల్లగుడ్డ మీద చూడాలి. పాలవంటి రంగు నీరు చేరినట్టు, మెరిసే రజను సహజం, చిటికెలో పట్టుకోగల ముక్కలు పళ్లో బేరింగో విరిగినట్టు. పళ్లమీద నీలి రంగు నూనె లేకుండా కాగినదానికి గుర్తు. హౌసింగ్ వంపు చూడడానికి రెండు ఫ్లాంజిలకూ రెండడుగుల నిటారు పట్టీలను అడ్డంగా బిగించి, ముందు కొసల మధ్య దూరాన్నీ వెనుక కొసల మధ్య దూరాన్నీ కొలవాలి, తరువాత పట్టీలను నిలువుగా తిప్పి మళ్లీ కొలవాలి. తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే ఆ హౌసింగ్‌ను వదిలేయడమే మేలు. అమ్మేవాడు టేపు తీయగానే విసుక్కుంటే వేరే షెడ్డుకు పోవచ్చు.

తొమ్మిదవ మెట్టు: బిగింపు, మొదటి కిలోమీటర్లు

డిఫరెన్షియల్ బేరింగ్ మూతలు జతలుగా చెక్కినవి, విప్పకముందే కుడి ఎడమలు తెలిసేలా గుర్తులు కొట్టాలి. క్రౌన్, పినియన్ మధ్య వెసులుబాటు సాధారణంగా 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, డయల్ గేజ్ లేకుండా చేతి ఊపుతో అంచనా కట్టే మెకానిక్‌కు ఈ పని అప్పగించకూడదు. పళ్లకు రంగు పూసి తిప్పినప్పుడు అచ్చు పంటి నడుమ పడాలి.

మామూలు రెండు క్రాసుల ప్రొపెల్లర్ షాఫ్ట్ అయితే పినియన్ కోణం ట్రాన్స్‌ఫర్ కేస్ కోణానికి సమాంతరంగా ఉండాలి. కమాన్ కట్టల బండిలో లాగినప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచుతారు. యాక్సిల్ మీద కమాన్ కట్టలు కూర్చునే సీట్లను ముందు చుక్కలుగా అతికించి, బండి బరువు చక్రాల మీద పడిన తరువాత కోణం కొలిచి, అప్పుడే పూర్తి వెల్డింగ్ చేయాలి. యు బోల్టులు కొత్తవే వేయాలి. యాక్సిల్ లోపలి గాలి వచ్చిపోయే గొట్టాన్ని ఛాసిస్ పైదాకా పొడిగించాలి. ఎండలో కాగిన యాక్సిల్ వాగు నీటిలో మునిగి ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల గుండా నీటిని పీలుస్తుంది.

నూనె జీఎల్ 5 తరగతిది, తయారీదారు చెప్పిన చిక్కదనంలో పోయాలి. మొదటి 25, 30 కిలోమీటర్లు బరువు లేకుండా చదునైన దారి మీద తోలి, హౌసింగ్ చేతికి చల్లగా తగిలేదాకా ఆపాలి. మరికొన్నిసార్లు ఇలాగే చేసిన తరువాతే బరువు లాగించాలి. 800 కిలోమీటర్లకు నూనె మార్చి, యు బోల్టులను టార్క్ స్పానర్‌తో మళ్లీ బిగించాలి. షాఫ్టులను హౌసింగ్‌లోకి తోయకముందే వాటి పొడవునా తెల్ల పెయింటుతో ఒక నిటారు గీత గీయించాలి. ఎప్పుడైనా సీళ్ల కోసం షాఫ్టు బయటికి తీసినప్పుడు ఆ గీత నిటారుగా ఉంటే తిరిగి తోసేయవచ్చు. కొంచెమైనా మెలితిరిగి ఉంటే ఆ షాఫ్టును పక్కన పెట్టి, మారుది వేసుకోవాలి.